నతానియేలు చేసిన కాటా యాప్

పర్చూరులో నా సెల్ షాపు బోర్డు మీద ఖాజావలి అన్న నా పేరు కంటే పెద్ద అక్షరాలతో "ఇక్కడ యాప్‌లు చేయబడును" అని ఉంటుంది. రాయించింది నేనే. చేసేది మాత్రం నేను కాదు, నతానియేలు. షాపు వెనక గదిలో, రిపేరుకిచ్చి మళ్ళీ మొహం చూపించని మహానుభావుల ఫోన్లున్న పెట్టెలు ఒక పక్కకి నెట్టి, అతనికో బల్ల వేశాను. ఇన్వర్టరు నాది, నెట్టు నాది, టీ కూడా చాలాసార్లు నాదే. బదులుగా నాకొక మనిషి దొరికాడు. పొద్దస్తమానం పగిలిన అద్దాలు మారుస్తూ కూర్చునేవాడికి మాట్లాడే మనిషి దొరకడం తక్కువ సంగతి కాదు.

అతను చీరాలలో డిగ్రీ చదివాడు. బెంగుళూరులో ఏదో కంపెనీలో ఫోన్లెత్తే ఉద్యోగం చేశాడు. ఆ కంపెనీవాళ్ళు ఒక శుక్రవారం ఒకే ఒక్క మెయిలుతో అతని జట్టంతటినీ ఇళ్ళకి పంపేశారు. తిరిగొచ్చి ఊరికే కూర్చోలేదు. కోడ్ రాయకుండా యాప్ చేసే పద్ధతి ఒకటుందని తెలుసుకుని, వీడియోలు చూసి నేర్చుకున్నాడు. కంప్యూటరు తెర మీద ఖాళీ ఫోను బొమ్మ ఉంటుంది. పక్కన గడులు, బొత్తాలు, పట్టికలు ఉంటాయి. కావలసినదాన్ని లాక్కొచ్చి ఆ ఫోను బొమ్మలో పడేసి, ఏది నొక్కితే ఏం జరగాలో చెప్పడమే. నాకు మొదటిసారి చూపించినప్పుడు "ఇంతేనా?" అన్నాను. పాపం, ఆ మాటే అతని బతుకంతా వినాల్సొచ్చింది.

వచ్చిన ప్రతివాడూ ముందు యాప్ అడుగుతాడు. తర్వాత అది ఎలా తయారవుతుందో తెలుసుకుంటాడు. ఆ తర్వాత "కోడ్ రాసే పనే లేదంటివి, ఈ రంగు మార్చడానికి నీకేం నొప్పి?" అంటాడు. మిఠాయి కొట్టాయన లడ్డూ బొమ్మ గుండ్రంగా లేదని వారం రోజులు ప్రాణం తీశాడు. కేబుల్ రసూల్ తన యాప్‌లో తెరవగానే తన గొంతు వినపడాలన్నాడు. పాటల యాప్ చేయించుకున్న పాస్టరుగారు ప్రతి పాట కిందా తన ఫొటో ఉండాలన్నారు. "పాట ప్రభువుకి, ఫొటో నాకు" అని ఆయనే నవ్వారు కూడా. నతానియేలు ఎవరితోనూ పోట్లాడడు. "చేస్తానండి" అంటాడు. ఆ మాట అంత తేలిగ్గా అనకూడదని నేను చాలాసార్లు తిట్టాను.

అతని తల్లి జయకుమారి మిరప కోతల ముఠాకి మేస్త్రి. అంటే రైతు ఫోన్ చేస్తే ఆడకూలీలని పోగేసి, ఆటో మాట్లాడి, పొద్దున్నే చేలో దింపి, సాయంత్రం దాకా వాళ్ళతో పాటు తనూ కోసే మనిషి. తండ్రి లేడు. ఇంట్లో మూడో మనిషి అమ్మమ్మ, మార్తమ్మ. జయకుమారి ఊరూరా కోతలకి తిరుగుతుంటే పిల్లవాణ్ణి పెంచింది ఆమే. పెంచడమంటే ఇంట్లో కూర్చుని కాదు. తుమ్మచెట్టుకి చీర కట్టి అందులో వాణ్ణి పడుకోబెట్టి, ఒక సాలు కోసి వచ్చి ఊపి, ఇంకో సాలుకి వెళ్ళేదట. ఇప్పుడామెకి ఒక కంట్లో పువ్వేసింది, రెండో కన్ను ఆపరేషనయినా అంతంతమాత్రం. కాయ పండిందో లేదో వేళ్ళతో తడిమి కోస్తుంది. అయినా ఇంట్లో ఉండమంటే ఉండదు. "కూలికి పోనిదాన్ని కూటికెట్టా కూర్చోనే?" అని కూతురి మీదే అరుస్తుంది.

ఆ ముఠాలో ఎన్నో ఏళ్ళుగా ఒక పద్ధతి ఉంది. దానికి పేరేమీ లేదు. ఎవరి సాలు వాళ్ళు కోసుకుంటూ పోతారు కదా, మార్తమ్మ పక్కనుంచి వెళ్ళే ప్రతి మనిషీ తన ఒడిలోంచి రెండు పిడికిళ్ళ కాయ తీసి ఆమె తట్టలో వేసి వెళుతుంది. చూడదు, చెప్పదు. రైతు గట్టు మీద నుంచి చూసేసరికి ముసలామె తట్ట కూడా అందరిలాగే నిండి ఉంటుంది. సాయంత్రం అందరి కాయా ఒకే కుప్ప, అందరికీ ఒకే కూలి. రైతులకి తెలియదనుకోకండి, అందరికీ తెలుసు. వాళ్ళలో చాలామంది తల్లులతో కలిసి మార్తమ్మ కోతలు కోసింది. అందుకని చూసీ చూడనట్టు ఊరుకునేవారు.

ఇలా ఉండగా పోయిన శీతాకాలం చైతన్యకృష్ణ మా షాపు మెట్లెక్కాడు. ఎంబీఏ చదివి, నలుగురి పొలాలు కౌలుకి కలిపి తీసుకుని, ఒకే చెక్కలా మిరప వేసిన కుర్రాడు. గొంతు పెంచడు. నన్ను "వలీ గారూ" అన్నాడు, నతానియేలుని కూడా "గారూ" అన్నాడు. మా వైపు రైతులు "ఒరేయ్" అంటే కడుపులో ఏముందో మొహం మీదే తెలుస్తుంది. ఈయనతో ఏం తెలుస్తుంది?

"కూలి రోజుకింత అని కాకుండా కిలోకింత అని పెడుతున్నానండీ. మనిషికో కార్డు, కార్డు మీద గళ్ళబొమ్మ. కాటా దగ్గర ఫోనుతో దాన్ని స్కాన్ చేస్తే ఆ మనిషి ఎంత కోసిందో పడిపోవాలి. అట్లాంటి యాప్ కావాలి" అన్నాడు.

నతానియేలు వెంటనే "చేస్తానండి" అనకపోవడం నేను చూసింది అదే మొదటిసారి. "మనిషికొకటి కాకుండా ముఠాకో కార్డు పెడదామండీ. మొత్తం తూకం ముఠా పేరున పడుతుంది. వాళ్ళు పంచుకుంటారు" అన్నాడు.

"మీ అమ్మగారి ముఠా అని మొహమాటపడుతున్నారా?"

"అదేం కాదండీ."

"కష్టపడ్డవాళ్ళకి కష్టానికి తగ్గట్టు ఇద్దామంటున్నాను. అందులో తప్పేముంది చెప్పండి?"

నతానియేలు చేస్తానండి అన్నాడు.

చేశాడు. బాగా చేశాడు కూడా, ఆ మాట కాదనకూడదు. చదువు తక్కువైనవాళ్ళకి తెలియడానికి ప్రతి పేరు పక్కనా మొహం ఫొటో పెట్టాడు. అతను వాడే సామానులో తయారుగా ఉన్న పట్టిక ఒకటుంటే దాన్ని కూడా లాక్కొచ్చి యాప్‌లో పడేశాడు. ఎవరు ముందున్నారో ఎవరు వెనకున్నారో అందులో వరసగా కనపడుతుంది. పైవాళ్ళు ఆకుపచ్చ, అడుగువాళ్ళు ఎరుపు. ఎవరూ అడగలేదు. ఆడవాళ్ళు సరదాపడతారని పెట్టాడు. చైతన్యకృష్ణకి మిగతా యాప్ కంటే అదే నచ్చింది. దానికొక షరతు తగిలించమన్నాడు: వరసగా కొన్నాళ్ళు ఎరుపులో ఉన్న కార్డు దానంతటదే ఆగిపోవాలి, ఆ మనిషికి ఇక పని ఉండదు.

"మరి మీ అమ్మమ్మ?" అని అడిగాను.

"అమ్మమ్మకేం కాదన్నా. వాళ్ళు వేస్తారుగా" అన్నాడు. అంత ధీమాగా అన్నాడు.

కోతలు మొదలయ్యాయి. ఆ వారంలోనే జయకుమారి షాపుకొచ్చింది. పొలం నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీర మీద మగవాళ్ళ చొక్కా, తలకి తువ్వాలు అలాగే ఉన్నాయి. ఆమె లోపలికి రాగానే ఘాటుకి నాకు తుమ్ములు పట్టుకున్నాయి.

"ఒరేయ్, ఆ ఎర్రరంగు తీసెయ్ రా" అంది కొడుకుతో.

"ఏమైందమ్మా?"

"ఏమైందంటావేందిరా? ఎవరూ వెయ్యట్లా. అమ్మ పక్కనుంచే పోతన్నారు, ఒక్క పిడికిలి వెయ్యట్లా. ఎవరూ వెయ్యొద్దనలా, ఎవరూ మానేశామనీ చెప్పలా. పొద్దున్నే కాటా కాడ ఫోను చూసుకోటం, ఒకళ్ళనొకళ్ళు చూసుకోటం, సాలులో పడి పరిగెత్తటం. నేను వేద్దామంటే ఆ కోటేషు వేరేవాళ్ళ తట్ట ముట్టుకోగూడదన్నాడు. అమ్మ రోజూ అడుగునే ఉంటంది."

కోటేషు చైతన్యకృష్ణ దగ్గర కాటా వేసే మనిషి. తూకం ఫోనులో కొట్టేది కూడా అతనే.

నతానియేలు చైతన్యకృష్ణకి ఫోన్ చేశాడు. ఆ రంగుల పట్టిక తీసేస్తానండీ, యాప్ బరువైపోతోంది అని ఏదో చెప్పాడు. అవతలివాడు మర్యాదగానే వద్దన్నాడు. ఆ పట్టిక వచ్చాక కోత ఎంత పెరిగిందో చెప్పి మెచ్చుకున్నాడు. ఇంకో ఇద్దరు రైతులకి ఈ యాప్ చూపించానని కూడా అన్నాడు. ఫోన్ పెట్టేశాక నతానియేలు తల పట్టుకుని కూర్చున్నాడు. ఇంకొక్క రోజు ఎరుపులో ఉంటే మార్తమ్మ కార్డు ఆగిపోతుంది.

కాసేపటికి నన్ను పిలిచాడు. "అన్నా, చూడు. తలా ఒక కిలో. అందరి దాంట్లోంచి తలా ఒక కిలో తీసి అమ్మమ్మ కింద వేశాను. మొత్తం తూకం మారలేదు. రైతుకి పైసా నష్టం లేదు" అన్నాడు.

"ఇదేం పనిరా? దొంగతనం కాదూ?" అన్నాను.

"ఇన్నాళ్ళూ వాళ్ళు చేసిందేగా అన్నా. చేత్తో వేసేవాళ్ళు, నేను ఇక్కణ్ణించి వేశాను. తేడా ఏముంది?"

తేడా ఉందని నాకు తెలుసు. కానీ ఆ మొహం చూసి వాదించబుద్ధి కాలేదు. మర్నాడు పట్టికలో మార్తమ్మ పేరు ఎరుపులోంచి బయటికొచ్చింది. ఆ మర్నాడూ అలాగే చేశాడు. ఆ తర్వాత కూడా. జయకుమారి మళ్ళీ ముఠావాళ్ళే వేస్తున్నారనుకుంది. మార్తమ్మ ఏమనుకుందో ఎవరూ అడగలేదు.

ఒకరోజు కోటేషు ఫోను తెర పనిచెయ్యడం మానేసింది. కారం వేళ్ళతో నొక్కీ నొక్కీ దాన్ని చంపేశాడు. కొత్త తెర తీసుకుని నేనూ, యాప్ సరిచూడ్డానికి నతానియేలూ బండి మీద పొలానికి వెళ్ళాం. దూరం నుంచే కేకలు వినిపించాయి. ఆడవాళ్ళంతా కాటా చుట్టూ మూగి ఉన్నారు. మధ్యలో కోటేషు మొహం తెల్లబోయి నిలబడ్డాడు. అప్పటికే ఎవరో అతని చొక్కా పట్టుకున్నట్టున్నారు, రెండు గుండీలు లేవు.

"కాటా మీద ఒకటి, ఫోనులో ఒకటి! రోజూ ఒక కిలో తింటన్నాడండీ! నాది, ఈవిడిది, అందరిదీ! నీ కాటా పగలగొడతాం ఇయ్యాల!" అని అరుస్తోంది శాంతి. ముఠాలో చురుకైన పిల్ల, పట్టికలో ఎప్పుడూ పై వరసలో ఉంటుంది. నతానియేలుకి వరసకి చెల్లెలు.

"నా బిడ్డల మీద ఒట్టమ్మా, నేను ఏం చెయ్యలేదు. కాటా చూపించిందే కొట్టాను" అంటున్నాడు కోటేషు. ఏడుపొక్కటే తక్కువ.

చైతన్యకృష్ణ కారు దిగి వచ్చాడు. అప్పుడు కూడా గొంతు పెంచలేదు. "కోటేషూ, నువ్వు ఇవాళ్టి నుంచి రావద్దు" అన్నాడు. కోటేషు అతని కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. నేను నతానియేలు వైపు చూశాను. చెప్పరా, ఇప్పుడన్నా చెప్పరా అని నాలో నేను కొట్టుకుంటున్నాను.

"ఆయన్నేమనమాకండి."

అందరం వెనక్కి తిరిగాం. మార్తమ్మ సాలులోంచి నెమ్మదిగా తడుముకుంటూ వస్తోంది. తట్ట చంకలో ఉంది. అందులో అడుగు కప్పేంత కాయ కూడా లేదు.

"పోయిన కిలోలు నాకాడున్నాయి. ఫోనులో నాకు బాగా పడతన్నాయని జయ చెబితే సంబరపడ్డా. పిల్లలు మళ్ళీ వేస్తన్నారు కామోసు, నాకే కళ్ళు కనపడటంలా అనుకున్నా. కానీ తట్ట బరువు నాకు తెలీదా? ఈ తట్టలో అంత కాయ లేదు. నేనంత కొయ్యలా" అంది. తర్వాత గుంపులోకి చూసింది, మనవడు ఏ వైపున ఉన్నాడో కనపడలేదు. "నతానీ, వచ్చావంటగా. నువ్వేనా చేసింది?"

"నేనే అమ్మమ్మా" అన్నాడు.

ఆడవాళ్ళు కొంగులు సర్దుకున్నారు, నేల చూపులు చూశారు. శాంతి మాత్రం చిన్న గొంతుతో "అడిగితే ఇచ్చేవాళ్ళం కదా అన్నా" అంది.

జయకుమారి ఆ మాటకి విరుచుకుపడింది. "అడిగితే ఇచ్చేదానివా? ఇన్నేళ్ళూ అడిగిందా మా అమ్మ? అడక్కుండానే వేశావుగా! ఇప్పుడెందుకు మానేశావే? చెప్పవే!" చెప్పడానికేముంది, కిలోకింత అన్నాక ప్రతి పిడికిలికీ ఒక ధర వచ్చింది. వాళ్ళ ఇళ్ళలోనూ పొయ్యి వెలగాలి. వాళ్ళ మీద కోపం తెచ్చుకుందామని నేను చాలాసార్లు ప్రయత్నించాను, రాలేదు.

చైతన్యకృష్ణ దయగలవాడే. "మామ్మగారిని కళ్ళంలో నీడన కూర్చోమనండి. తాలుకాయలు ఏరితే చాలు" అన్నాడు. ఎండబెట్టిన పంటలోంచి రంగు పోయిన కాయలు వేరుచేసే పని అది.

"రంగు కనపడదు బాబూ నాకు" అంది మార్తమ్మ. మెళ్ళో తాడుకున్న కార్డు తీసి కోటేషు చేతిలో పెట్టింది. "నా మూలాన మాట పడ్డావు నాయనా. మనసులో పెట్టుకోమాక" అని అతని చెయ్యి తడిమింది. ఎవరి ఒళ్ళోంచీ దొంగిలించని మనిషి, తన ముఠా ముందు, తన కూతురి ముందు, దొంగసొమ్ము అప్పజెప్పినట్టు ఆ కార్డు అప్పజెప్పింది. ఆ రోజు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద అని అడిగితే మాత్రం చెప్పలేను.

నతానియేలు ఎవరి కిలోలు వాళ్ళకి తిరిగి వేశాడు. తన మొత్తం తూకం మారలేదు గనక చైతన్యకృష్ణ ఆ సంగతి అంతటితో వదిలేశాడు. కోటేషు పని నిలబడింది. రంగుల పట్టిక సంగతి చైతన్యకృష్ణ ఆడవాళ్ళనే అడిగాడు, ఉంచాలా తీసెయ్యాలా అని. ఉంచమన్నారు. ముందుగా చెయ్యెత్తింది శాంతి. ఆ పిల్ల చెయ్యెత్తి వెంటనే దించేసి, మళ్ళీ ఎత్తిందని జయకుమారి చెప్పింది. యాప్ ఇంకో ఇద్దరు రైతులకి వెళ్ళింది. తర్వాత పిడుగురాళ్ల వైపు నుంచి కూడా ఫోన్లు వచ్చాయి. నతానియేలు ఒక్కటి కూడా కాదనలేదు. చేస్తానండి అన్నాడు. ఇంకో పనేముంది అతనికి? ఇప్పుడు నా గదికి రావడం తగ్గించాడు. అమ్మమ్మ దగ్గర ఒక మనిషి ఉండాలని ఇంట్లోనే కూర్చుని చేస్తున్నాడు.

ఇంట్లో కూర్చున్నాక మార్తమ్మ తొందరగా చిక్కిపోయింది. తిండి తగ్గించేసింది. పిలిస్తే ఒకసారి పలుకుతుంది, ఒకసారి పలకదు. తెల్లవారుజామున లేచి చొక్కా తొడుక్కుని ఆటో వచ్చిందా అని అడుగుతుందట. లేదంటే మళ్ళీ పడుకుంటుందట. కోతలు అయిపోవచ్చే రోజుల్లో ఒక సాయంత్రం నేను చూడ్డానికి వెళ్ళాను. చర్చి వెనక వీధిలో వాళ్ళిల్లు. ఆమె గోడకానుకుని కూర్చుని ఉంది. నా గొంతు గుర్తుపట్టి "వలీ, కూర్చో నాయనా" అంది. జయకుమారి అప్పుడే పనినుంచి వచ్చి స్నానానికి వెళ్ళింది. ఆమె ఫోనుకి ఆ రోజు తూకాలు వచ్చి ఉన్నాయి.

రోజూ ఆ వేళకి మనవడు వాటిని చదివి వినిపించాలి. అది అలవాటయింది. శాంతికెంత, ఆదెమ్మకెంత అని ఒక్కొక్కళ్ళనీ అడిగింది. ఎవరికి ఎక్కువ పడినా మొహం విప్పారుతోంది. "శాంతి చేతులు మా అమ్మ చేతులేరా" అని మురిసింది. అందరి పేర్లూ అయిపోయాయి. నతానియేలు ఫోను పక్కన పెట్టబోయాడు.

"మరి నాకెంత పడిందిరా?" అంది.

నతానియేలు నా వంక చూశాడు. నేను తల దించుకున్నాను. "బాగానే పడింది అమ్మమ్మా. శాంతి తర్వాత నువ్వే" అన్నాడు.

ఆమె గొంతు తగ్గించి, పక్కింటివాళ్ళకి వినపడకూడదన్నట్టుగా అడిగింది. "ఎవరి దాంట్లోంచి తీశావు?"

"ఎవరి దాంట్లోంచీ తియ్యలేదు. నువ్వే కోశావు."

మార్తమ్మ అరచేతులు రెండూ ఒకదానితో ఒకటి రుద్దుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మళ్ళీ రుద్దుకుంది.

"కాయ కోసిన చెయ్యి మండాలిగదరా. మరి మండట్లేదే" అంది.

నతానియేలు ఆ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, నేనున్నానని కూడా చూడకుండా, వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె అతని మొహం తడిమి, "పర్లేదులేరా, రేపు కోస్తాలే" అంది.